బీడీ తాగేంతసేపు

ఆ ఆఫీసులో ఫోల్డర్లకు ఊళ్ల పేర్లుండేవి. వాళ్లు చేసేది బోరు మోటారును ఫోన్‌తోనే వేసి ఆపే సాఫ్ట్‌వేర్. పేరుకు ఒకటే అయినా అది మూడు చోట్ల బతకాలి. రైతు చేతిలోని ఫోన్‌లో, ఆఫీసు కంప్యూటర్‌లో, పొలంలో స్టార్టర్ పక్కన బిగించిన ఇనుప డబ్బాలో. మొట్టమొదటి డబ్బాను ముదిగుబ్బ దగ్గర ఒక పొలంలో బిగించారు కాబట్టి డబ్బా కోడ్ ఉన్న ఫోల్డర్‌కు ముదిగుబ్బ అనే పేరు వచ్చింది. ఫోన్ కోడ్‌ను శింగనమలలో పరీక్షించారు, అది శింగనమల అయింది. కంప్యూటర్‌ది రాయదుర్గం. మూడింటికీ అవసరమయ్యే ఉమ్మడి కోడ్ మాత్రం తలా కొంచెం మూడు ఊళ్లలోనూ చెల్లాచెదురుగా పడి ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు తల తిరిగిపోయేది. పాతవాళ్లు మాత్రం "అది శింగనమలలో ఉండాది చూడప్పా" అని తల ఎత్తకుండానే చెప్పేవాళ్లు.

నాగజ్యోతికి ఆ పేర్లంటే ఇష్టం. తన సొంతూరు రాయదుర్గం కావడం అందుకు ఒక కారణం. ఏ ఫైలు పోయిపోయి తన ఊళ్లో చేరిందో చూసుకుని నవ్వుకునేది. ఆ నవ్వులో భాగం పంచుకునేది పక్క కుర్చీలో సారా ఒక్కతే. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

సోమవారం పొద్దున మణిదీప్ వచ్చి ఆ ఖాళీ కుర్చీ వెనక నిలబడ్డాడు. తండ్రి పాతూరులో బట్టల అంగడి నడుపుతుంటే, కొడుకు ఆ అంగడి మీది అంతస్తులోనే ఈ కంపెనీ పెట్టాడు. మనిషి మంచివాడే. కోపమొచ్చినా, భయమేసినా గొంతు పెంచడు, చొక్కా చేతులు పైకి మడుస్తాడు. అప్పటికే మోచేతుల దాకా మడిచి ఉన్నాడు.

"జ్యోతీ, బెంగళూరోళ్లు గురువారం వస్తాండారు. మన కంపెనీని తీసుకునేది దాదాపు ఖాయం. కోడ్ తెరిచి చూస్తారు. ఈ ఊళ్లూ పల్లెలూ చూస్తే నగుతారు. అంతా సర్దల్ల. ఉమ్మడిది ఒక ఫోల్డర్, ఫోన్‌ది ఒకటి, కంప్యూటర్‌ది ఒకటి, డబ్బాది ఒకటి. వాకిట్లో నిలబడి చూస్తే లోపల ఏ గది యాడుండాదో తెలిసిపోవల్ల."

"సారక్క ఉంటే బాగుంటాది సార్. ముక్కాలు భాగం ఆయమ్మ రాసిందే."

"సారా యాడుండాది? ఆసుపత్రిలో. వాళ్ల నాయనను వదిలిపెట్టి రమ్మందామా?"

అనలేరు. సారా తండ్రి చెన్నప్ప పొలం గట్టు మీదే పక్షవాతం వచ్చి పడిపోయాడు. పెద్దాసుపత్రిలో పెట్టారు. సారా అక్కడే వరండాలో చాప పరుచుకుని ఉంటోంది. మధ్యాహ్నం భోజనం వేళకు జ్యోతి ఆమెకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

అవతల ఎవరో నర్సు పేర్లు పిలుస్తోంది. సారా, పక్కన కూర్చొని తెర మీద వేలు పెట్టి చూపించేటప్పటి గొంతుతోనే చెప్పింది.

"సరే, విను మే. ఫైళ్లు కాపీ కొట్టొద్దు. ఉన్న చోటి నుంచి జరుపు. ఒకసారికి ఒక ఫోల్డరే. జరిపేటప్పుడు లోపల ఒక్క అక్షరం గూడా మార్చొద్దు. జరిపినంక మూడు బిల్డులూ చూసుకో. అవి నిలబడితేనే ఇంకోటి. నిదానమైతాది, కానీ ఏ లైను ఎవరు రాసినారో, ఎందుకు రాసినారో వెనక్కి పోయి చూసుకునేకి ఉంటాది. కాపీ కొట్టినావంటే ఆ హిస్టరీ అంతా పోతాది."

"అట్లే చేస్తానక్కా. నాయన ఎట్లుండాడు?"

"కళ్లు తెరిచి చూస్తాండాడు. మాట లేదు. నేను తర్వాత చేస్తా, డాక్టరు వస్తాండాడు."

జ్యోతి మొదట్లో సారా చెప్పినట్టే చేసింది. ఉమ్మడి ఫైళ్లను ఒక్కొక్కటే కొత్త ఫోల్డర్‌లోకి జరిపింది. అయితే ఒక ఫైలు జరిగినంత మాత్రాన దాన్ని పిలిచే మిగతా ఫైళ్లకు ఆ సంగతి తెలియదు. ఇల్లు మారినవాళ్ల రేషన్ కార్డు పాత అడ్రసులోనే ఉండిపోయినట్టు, అవి పాత చోటే వెతుకుతాయి. కోడ్ అంతటినీ నడిచే ప్రోగ్రాంగా కట్టి చూడడమే బిల్డు. ఫోన్ బిల్డును నిలబెడితే డబ్బా బిల్డు కూలుతుంది. డబ్బాదాన్ని లేపితే కంప్యూటర్‌ది ఫలానా ఫైలు దొరకలేదని తెర నిండా ఎర్రగా రాస్తుంది. డబ్బా బిల్డు అసలే నత్తనడక. అది అయ్యేలోపల జ్యోతి సీసాలో నీళ్లు తాగుతూ కిటికీలోంచి కింద అంగడికి వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చునేది.

అట్లా కూర్చున్నప్పుడే నీళ్ల ఫైలు తెరిచింది. మొత్తం సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలే గుండెకాయ. ఈ సీమలో బోరులో నీళ్లు ఒక్కసారిగా అయిపోవు. కాసేపు వస్తాయి, గాలి కక్కుతాయి, ఆగుతాయి, లోపల ఊరి మళ్లీ వస్తాయి. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. అట్లాగని ఆపేసి ఊరుకుంటే, కరెంటు ఉండే ఆ కాస్త సమయమూ వృథా అవుతుంది. చెన్నప్ప మోటారు శబ్దం మారగానే ఆపేసేవాడట. గట్టు మీద కూర్చొని ఒక బీడీ ముట్టించేవాడట. అది అయిపోగానే లేచి మళ్లీ మోటారు వేసేవాడట. చిన్నప్పటి నుంచి అది చూసి పెరిగిన సారా, డబ్బా కూడా సరిగ్గా అట్లాగే ఆపి, ఆగి, మళ్లీ వేసేటట్టు రాసింది. ఆగే ఆ కాసేపటికి కోడ్‌లో బీడీ అని పేరు పెట్టింది. ఆ లైను ఎప్పుడు కనబడినా జ్యోతికి నవ్వొచ్చేది, వెంటనే సారా మీద ప్రేమా పుట్టేది.

మంగళవారం మధ్యాహ్నానికి సగం కూడా జరగలేదు. మణిదీప్ వచ్చి తెర మీది ఎర్ర గీతలు చూశాడు. చూసి, మడిచిన చేతులనే ఇంకొంచెం పైకి మడిచాడు.

"ఇట్లయితే ఉగాదికి అయితాది. కొత్త ప్రాజెక్టు ఒకటి తెరువు. ఫైళ్లన్నీ అందులో పోసి, ఏది యాడ కావల్నో ఆడ పెట్టుకో. అడ్రసులన్నీ ఒక్క దెబ్బకు మార్చు. అన్నీ నిలబడినంక ఒక్కసారే సర్వర్‌కు ఎక్కించు."

"హిస్టరీ పోతాది సార్."

"పాతది యాడికి పోతాది? నీ కంప్యూటర్‌లో అట్లే ఉంటాది. వాళ్లు ఇల్లు చూసేకి వస్తాండారు గానీ, ఇల్లు ఎవరు కట్టినారని అడిగేకి వస్తాండారా?"

అప్పుడు వాళ్లిద్దరికీ అది సబబుగానే తోచింది. జ్యోతి సారాకు ఫోన్ కలిపింది. రింగు పోకముందే పెట్టేసింది. ఆసుపత్రిలో ఉన్న మనిషిని ఎందుకు విసిగించాలి అనుకుంది. నిజానికి సారా వద్దంటుందని ఆమెకు తెలుసు. వద్దంటే మళ్లీ ఆ నత్తనడక బిల్డు ముందర కూర్చోవాలి.

కాపీ కొట్టాక పని హాయిగా సాగింది. అందులో ఒక సుఖం ఉంది, అబద్ధమెందుకు. చెల్లాచెదురుగా ఉన్నవన్నీ వాటి వాటి గూళ్లలో పడుతుంటే, బుధవారం సాయంత్రానికి మూడు బిల్డులూ పచ్చగా నిలబడితే, ఇల్లు అలికి ముగ్గేసినట్టనిపించింది. ముదిగుబ్బ లేదు, శింగనమల లేదు, రాయదుర్గం లేదు. నాలుగే నాలుగు ఫోల్డర్లు. పోతూ పోతూ మణిదీప్ నీళ్ల ఫైలు దగ్గర ఆగాడు.

"ఈ బీడీ ఏంది? తీసెయ్. డిలే అని పెట్టు."

తీసేసింది. తర్వాత అంతా ఒక్కసారే ఎక్కించింది. ఎక్కించినది ఎవరు అన్నచోట నాగజ్యోతి అనే పేరు దానంతట అదే పడింది.

గురువారం బెంగళూరు నుంచి వచ్చిన మనిషి పేరు గిరి. పావగడ వైపువాడు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడాడు. మర్యాదస్తుడు. ఫోల్డర్లన్నీ తెరిచి చూసి రెండు మూడుసార్లు తల ఊపాడు. తర్వాత తన లాప్‌టాప్‌ను గోడ మీది పెద్ద తెరకు తగిలించి ఏదో నడిపించాడు. కోడ్‌లో ఎవరి చెయ్యి ఎంతుందో పేరు పేరునా గీతలు గీసి చూపించే సాధనం అది. తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే పచ్చటి గీత వచ్చింది. పక్కన నాగజ్యోతి అని ఉంది. ఇంకో పేరు లేదు.

ఇల్లు ఎవరు కట్టారని అడిగేకే వచ్చాడు ఇతను.

"అంతా మీరే మాడినారా, ఒక్కరే చేసినారా? చాలా చెందాగా ఉంది," అన్నాడు గిరి. నీళ్ల ఫైలు తెరిచి పెన్నుతో చూపించాడు. "ఇది నాకు భలే నచ్చింది. ఆపి, కొంచెం సేపు ఆగి, మళ్లీ వేసేది. మా బెంగళూరులో ఎవరికీ ఇది తోచలేదు. ఎవరిది ఈ ఐడియా?"

మణిదీప్ ఆమె వైపు చూశాడు. అప్పుడే తిప్పేస్వామి టీ తెచ్చాడు. ఆ మేడ మెట్లెక్కి దిగడానికే పుట్టినట్టుండే పెద్దాయన. ఒక్కొక్కరి ముందర కప్పు పెట్టి, చుట్టూ కారిన చుక్కలను భుజం మీది గుడ్డతో తుడిచి, నిదానంగా వెళ్లాడు. చెప్పడానికి కావలసినంత సమయం అది. జ్యోతి కప్పులోని టీ మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చుంది.

"మా టీమ్‌దే సార్," అంది చివరికి.

"బాగుంది. మేము ఈడ్నుంచి కోడ్ పనికి ఒక్కరినే తీసుకుంటాము. ఎవర్ని అనేది మళ్లీ వేరే అడగాల్సిన పని లేదు," అని గిరి తెర వైపు చెయ్యి ఊపి నవ్వాడు.

అతను భోజనానికి కిందికి దిగాక జ్యోతి లేచి నిలబడింది. "సార్, సారక్క సంగతి..."

"ముందు ఆయన్ని భోంచేసి రానీ," అన్నాడు మణిదీప్. అతను భోంచేసి వచ్చాడు, సంతకాల సంగతులు మాట్లాడాడు, కారెక్కి వెళ్లిపోయాడు. సారా సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది.

"ఎట్లయింది మే?" అంది సారా.

"బాగయిందక్కా."

"ఫోల్డర్లు సర్దేటప్పుడు ఏమన్నా ఇబ్బందయిందా? హిస్టరీ అదీ నిలబడిందా?"

జ్యోతి మెట్ల మధ్యలో ఆగిపోయింది. కింద అంగడిలో ఎవరో చీర విప్పి వెలుగులో చూపిస్తున్నారు. 

"అంతా సరిపోయిందక్కా," అంది.

"మంచిదాయ," అంది సారా. "నాయన ఈ పొద్దు ఎడమచెయ్యి వేలు ఎత్తినాడు. రేపు ఇంటికి తీసకపొమ్మన్నారు."

జ్యోతి ఉండేది ఊరి చివర ఒక్క గది ఇంట్లో, తల్లి పుష్పావతితో. పుష్పావతి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టీ కుట్టీ మెడ నరాలు పట్టేసి, చూపు మందగించి, ఈ మధ్యే కూతురి దగ్గరకు వచ్చింది. ఆమె బొటనవేళ్ల గోళ్ల చుట్టూ గుడ్డ రంగు నీలంగా ఇంకిపోయి ఇంకా ఉంది. కబురు వినగానే ఆమె పొయ్యి ముందర నుంచి లేచి రెండు చేతులూ కూతురి చెంపలకు ఆనించింది.

"బెంగళూరు కంపెనీనా పాపా! ఇంగ నేను ఆ మిషను ముందర కూర్చునే పని లేదంటావు."

"లేదు మా."

"మరి ఆ సారా? ఆ పిల్లను గూడా తీసుకున్నారా?"

జ్యోతి కాళ్లు కడుక్కునే మిషతో బయటికి వెళ్లింది. మనిషికి భయం ఎంత చిన్న చోట కూర్చుని ఉంటుందో ఆమెకు ఆ పూట తెలిసింది. ఆ నీలం గోళ్లలో కూర్చుని ఉంది అది. నిజం చెబితే ఆ ఒక్క ఉద్యోగమూ సారాకు పోతుంది. సారాదే కాబట్టి సారాకు పోతుంది. అమ్మ మళ్లీ మిషను ముందర కూర్చుంటుంది. ఎటు తిప్పి చూసినా లెక్క అంతే.

శుక్రవారమంతా ఆమె ఆఫీసులో ఉంది, పని మాత్రం ముట్టలేదు. పాత ప్రాజెక్టు ఆమె కంప్యూటర్‌లో అట్లాగే ఉంది. ముదిగుబ్బ, శింగనమల, రాయదుర్గం. ఏ లైను మీద నొక్కినా ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు రాశారో చెబుతుంది. సారా ఎందుకు రాసిందో తప్పకుండా చెప్పే మనిషి. "వానొస్తే సెన్సార్ తడుస్తాంది, కదిరప్ప పొలంలో చూసినా" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. జ్యోతి అవన్నీ చదివింది. మణిదీప్ గదిదాకా వెళ్లింది, తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. రెండోసారి వెళ్లేసరికి అతను గదిలో లేడు. ఎందుకో ప్రాణం కుదుటపడింది. అట్లా కుదుటపడినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

శనివారం పొద్దున చెప్పులు విడవకుండానే నేరుగా అతని గదిలోకి వెళ్లింది.

"సార్, నేను బెంగళూరాయనతో మాట్లాడతా. ఆ కోడ్ సారక్కది. పాత హిస్టరీ చూపిస్తే ఆయనకే తెలుస్తాది. ఆ ఉద్యోగం ఆయమ్మకే రావల్ల."

మణిదీప్ చొక్కా చేతులు ఆ రోజు మణికట్టుల దాకా దించి, గుండీలు కూడా పెట్టి ఉన్నాయి. పని అయిపోయినవాడిలా ఉన్నాడు.

"నిన్న సాయంత్రం ఆర్డర్ వచ్చింది జ్యోతీ. నీ పేరు మీద. అన్నీ సంతకాలయిపోయినాయి. సారాకు నేనే ఫోన్ చేసి చెప్పినా."

"ఏమనింది?"

"ఏమీ అనలే. లాప్‌టాప్ ఎప్పుడు తెచ్చియ్యల్ల సార్ అని అడిగింది." అతను బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపాడు. "నువ్వు నిన్న పొద్దున వచ్చి చెప్పింటే నేను గూడా అడిగి చూసేవాణ్ని. నిన్ను అని ఏం లాభంలే. నాకూ తెలుసు కదా, నేనూ నోరు తెరవలే."

జ్యోతి తలుపు వైపు తిరిగింది.

"ఆ హిస్టరీ పెట్టాలంటే ఇప్పుడు పెట్టుకో," అన్నాడు అతను మెల్లగా. "ఇంగ ఎవరికీ ఏమీ కాదు."

ఆ మాటే ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. నిజం ఇప్పుడు ఎవరికీ ఏమీ చెయ్యదు కాబట్టి పెట్టుకోవచ్చట. అయినా వెళ్లి కూర్చుంది. ఇంకేం చేయాలో తెలియలేదు. పాత ప్రాజెక్టు తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒకసారికి ఒక ఫోల్డర్. జరపడం, మూడు బిల్డులూ చూడడం, నిలబడ్డాక ఇంకోటి. లోపల ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఏది ఎందుకు కూలుతుందో మొదటిసారి తగిలిన దెబ్బలన్నీ గుర్తుండబట్టి ఈసారి పని సాగింది. డబ్బా బిల్డు నత్తనడక నడుస్తుంటే ఓర్పుగా చూసింది. బీడీ మళ్లీ బీడీ అయింది. సాయంత్రం తిప్పేస్వామి లైట్లు వేసేటప్పటికి నాలుగు ఫోల్డర్లూ నిలబడ్డాయి. అదే ఇల్లు, అవే గదులు. ఈసారి ఏ గోడ ఎవరు కట్టారో ఆ గోడే చెబుతోంది. గిరి చూపించినట్టే గీతలు వేయించి చూస్తే, తెర మీద సారా అనే పేరు పక్కన గీత ఈ చివరి నుంచి దాదాపు ఆ చివరి దాకా సాగింది. దాని కింద జ్యోతి గీత వేలెడు ఉంది.

ఓర్చుకుని ఉంటే ఈ పని గురువారానికల్లా అయ్యేది. ఒక్క రోజు ఎక్కువ అడిగి ఉంటే సరిపోయేది. ఆమెకు ఏడుపొచ్చింది. తిప్పేస్వామి చూడనట్టు చీపురు తీసుకుని అవతలి గదిలోకి వెళ్లాడు.

ఆదివారం జ్యోతి శింగనమల వైపు బస్సెక్కింది. సారా చర్చికి వెళ్లి వచ్చేదాకా ఆగి మధ్యాహ్నం దాటాక వాళ్ల ఊరు చేరింది. ఇంట్లో ఎవరూ లేరు. పొలంలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు.

గట్టు మీద ఒక కానుగ చెట్టు. దాని నీడలో నులక మంచం వేసి చెన్నప్పను పడుకోబెట్టారు. ఇంట్లో పడుకోనని మూలుగుతుంటే తెచ్చారట. తలగడగా మడిచిన దుప్పటి పెట్టారు. పక్కన సారా తల్లి రామక్క కూర్చొని కొంగుతో ఈగలు తోలుతోంది. అవతల పచ్చగా ఒక మడి వేరుశనగ, దాని చుట్టూ ఎర్రటి బీడు. సారా చీర కుచ్చిళ్లు పైకి దోపి, పార పట్టుకుని కాలువలో నీళ్లు తిప్పుతోంది. ఆఫీసులో ఎప్పుడూ చూడని సారా. మోటారు మోగుతోంది. స్టార్టర్ పక్కన వాళ్ల డబ్బా తుప్పుపట్టిన మూతతో ఉంది.

"రా మ్మా, ఇంత ఎండకు వచ్చినావే," అని రామక్క చెంబుతో నీళ్లిచ్చింది. కూతురి ఉద్యోగం పోయిన సంగతి ఆమెకు తెలుసో లేదో జ్యోతికి అంతుపట్టలేదు.

సారా తల ఎత్తి చూసి, మడి తిప్పడం అయిపోయాక గట్టెక్కింది.

"నాయన ఎట్లుండాడక్కా?"

"చూస్తాండావు కదా. కుడి పక్కంతా పోయింది. మాట లేదు. చెవి మాత్రం బాగుండాది."

జ్యోతి దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పోయాయి. ఫోన్ తీసి, ముందుగానే తెరిచి పెట్టుకున్నది చూపించింది. "అక్కా, హిస్టరీ అంతా పెట్టేసినా. నువ్వు చెప్పినట్టే, ఒక్కొక్క ఫోల్డరే జరిపి. చూడు, నీ పేరు నీకు వచ్చింది."

సారా చేతులు చాపలేదు. "బురదగా ఉండాయి," అంది. కాళ్ల దగ్గర కాలువలో నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆమె వంగి కడుక్కోలేదు.

అప్పుడే మోటారు గొంతు మారింది. బొంగురుపోయి, గొట్టం రెండుసార్లు గాలి కక్కింది. డబ్బాలో టక్కుమని చప్పుడైంది. మోటారు ఆగింది. పొలమంతా నిశ్శబ్దమైపోయింది.

మంచం మీద చెన్నప్ప ఎడమచెయ్యి లేచింది. ఒక్క చూపుడువేలు నిలబెట్టాడు. ఉండండి అన్నట్టు. రామక్క ఈగలు తోలడం ఆపింది.

సారా పారను గట్టుకు ఆనించి, తండ్రి వేలు వైపే చూస్తూ మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అందుకే జ్యోతికి భయమేసింది.

"నువ్వు కాపీ కొట్టినావని నాకు బుధవారం రాత్రే తెలుసు మే. ఆసుపత్రి వరండాలో లాప్‌టాప్ తెరిచి చూసినా. పాతది అట్లే నిలిచిపోయింది. కొత్తది ఒక్కరోజులో పుట్టింది, అంతా నీ పేరు మీద."

జ్యోతి చాచిన ఫోన్ దించేసింది.

"గురువారం నీకు ఫోన్ చేసినా చూడు, తెలిసే చేసినా. హిస్టరీ నిలబడిందా అని తెలిసే అడిగినా. నువ్వు చెప్తావేమో అని."

"అక్కా..."

"తప్పు ఎవరైనా చేస్తారు. నేను చేయలేదా? ముదిగుబ్బలో మోటారే కాల్చినా. 'అక్కా, ఇట్లయిపోయింది' అని ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే ఇద్దరం కూర్చొని సరిచేసేవాళ్లం. ఉద్యోగం నీకొచ్చినా నాకొచ్చినా అది వేరే. నువ్వు 'అంతా సరిపోయింది' అన్నావు. ఆడ మా నాయన మంచం మీద ఉండాడు, ఈడ నువ్వు. ఆ పొద్దు నాకు ఏది పెద్ద దెబ్బో తెలియలేదు."

"నువ్వన్నా సారుతో చెప్పింటే అక్కా..."

"నేను రాసినదానికి నా పేరు నేనే పోయి అడుక్కోవల్నా? నువ్వు ఉండావు కదా ఆడ. శుక్రవారం గూడా నువ్వు చెప్తావని చూసినా. సారు ఫోన్ చేసేదాకా చూసినా."

చెన్నప్ప వేలు అట్లాగే నిలబడి ఉంది, కొద్దిగా వణుకుతోంది. జ్యోతి ఏడుస్తోంది. సారా వారించలేదు, ఓదార్చనూ లేదు. రామక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా కొంగు సర్దుకుంది. ఆ ఆగిన కాసేపూ జ్యోతికి ఎంతకూ తరగలేదు. ఆ కాసేపు ఎంతో ఆమె ఎన్నిసార్లు చదివింది, ఒకసారి పేరే మార్చింది, ఇంకోసారి తిరిగి పెట్టింది. అందులో నిలబడి చూడడం మాత్రం ఇదే మొదలు.

డబ్బాలో టక్కుమంది. మోటారు మూలిగి అందుకుంది. గొట్టం గాలి కక్కి, ఎర్రటి నీళ్లు చిమ్మి, తర్వాత తెల్లగా పోసింది. చెన్నప్ప వేలు దించి, చెయ్యి మంచం మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వే అయ్యుంటుంది.

సారా పార అందుకుని కాలువలోకి దిగింది. రెండడుగులు వేసి ఆగింది.

"బస్సుకు టైమయింది. పో మే, పొద్దుగూకితే ఇంగ బస్సులుండవు."

"ఫోన్ చేస్తానక్కా," అంది జ్యోతి.

సారా మడి గట్టు తెంచి నీళ్లను అటు మళ్లించింది. తల ఎత్తకుండానే, పక్క కుర్చీలో ఉన్నప్పుడు ఏ ఫైలు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పని మీదైతే చెయ్యి. చెప్తాను."

జ్యోతి గట్టు వెంట నడిచింది. చేతిలో ఫోన్ ఇంకా సారా పేరు మీదే తెరిచి ఉంది. కాసేపటికి దానంతట అదే ఆరిపోయింది, సంచిలో వేసుకుంది. రోడ్డు మీదికి వచ్చి నిలబడితే అక్కడికి కూడా మోటారు శబ్దం సన్నగా వినిపిస్తోంది. అది ఆగుతుందేమోనని అటే చెవి పెట్టి నిలబడింది. బస్సు వచ్చేదాకా అది ఆగలేదు.